ఎస్తేరు ఉపవాసం

పాస్టరు ‘ఆమెన్’ అనేదాకా ఆగగలనా? ముట్లు ఆగినప్పటి నుంచి ఎస్తేరు దేవుడి కంటే మూత్రసంచినే ఎక్కువ తలుచుకుంటోంది. ఆ భయంతోనే పొద్దుటి నుంచి నీళ్లు తాగలేదు. శుక్రవారం కూడికలో ఆడవాళ్లు దాన్ని కఠిన ఉపవాసమనీ, మధ్యలో లేచి వెళ్లడాన్ని ఏకాంత ప్రార్థన అనీ అనుకుంటారు. ఆమె కాదనలేదు.

నిన్న నల్గొండ దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. “ముట్లు ఆగితే ఒంట్ల ఒక హార్మోన్ తగ్గుతది. మూత్రసంచికి నెత్తురు సరిగ పోదు, ఆక్సిజన్ అందదు. అది బిగుసుకపోయి ఊకె తొందరపెడ్తది. మందు రాస్తున్న. నీళ్లు బంద్ జేస్తే ఇంకా మండుతది, తాగాలె.”

ఇక ఆగలేక ఎస్తేరు లేచింది. బాత్రూం నుంచి బయటికొచ్చేసరికి తలుపు దగ్గర, కూడికలో తన పక్కన కూర్చునే జానమ్మ నిలబడి ఉంది.

“అక్కా, నాక్కూడ ప్రార్థన నేర్పవా? పొద్దటిసంది నీ లెక్కనే నీళ్లు ముట్టలే.”

“నీకేం కష్టమొచ్చిందే?”

జానమ్మ గొంతు తగ్గించింది. “ఎవలకు జెప్పకు. నాకు ఒంటికొస్తే ఆగుతలేదక్కా. నీ అసొంటి భక్తి ఉంటే ఆగుతదేమోనని.”

ఎస్తేరుకు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది.

“ముందు నువ్వు లోపలికి పోయిరా,” అంది.

జానమ్మ తిరిగొచ్చాక ఎస్తేరు ఆమె చెయ్యి పట్టుకుని కూడికలోకి తీసుకెళ్లింది. అందరూ చూస్తుండగా కుండలోంచి గ్లాసు నిండా నీళ్లు ముంచుకుని గటగటా తాగింది.