రెండు రెక్కలు, రెండు దీపాలు

“ఎడమది బంద్ చెయ్యి. కుడిది ఒక్కటే వెయ్యి.”

రెక్క కింద వంగి మంజుల చెప్పింది. కాక్‌పిట్‌లో కూర్చున్న మల్లేశ్వర్ స్విచ్ నొక్కాడు. దూరంగా గట్టు మీద నిలబడ్డ పక్క పొలం లచ్చమ్మ ఫోన్‌లో అరిచింది.

“గిది చుక్క లెక్క తెల్లగ కొడుతున్నది బిడ్డా! మొదలుది పచ్చగ, కందిలి లెక్క ఉండె.”

“విన్నవా?” అంది మంజుల.

“విన్న. కందిలి లెక్క ఉంటే తప్పేంది?”

కొత్తూరులో లేత్ షాపు నడిపే మల్లేశ్వర్, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పే అతని భార్య మంజుల కలిసి కట్టిన రెండు సీట్ల విమానమది. రేకు పని, ఇంజను బిగింపు అతనివి. వైర్లన్నీ ఆమెవి. శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయం తెరిచిన ఏడాది మొదలుపెట్టి, నాలుగేళ్లకు ఇంతదాకా తెచ్చారు. ఇక తేలాల్సింది ల్యాండింగ్ లైట్ల సంగతే. అది తేలితే తప్ప అధికారులకు వైరింగ్ పటం పంపడానికి లేదు. అతనికి హాలోజన్ కావాలి, ఆమెకు ఎల్‌ఈడీ. చెరో రెక్కకు ఒకటి బిగించి, ఆ ఆదివారం సాయంత్రం పరీక్షకు పెట్టారు.

“మనం ఎగిరేది పగటీలి. గింత లైటు ఎందుకు?” అన్నాడు మల్లేశ్వర్.

“గద్దల కోసం. రెండు లైట్లు ఒకటి తర్వాత ఒకటి మిణుకుతుంటే పక్షులు దూరంకెల్లే చూసి తప్పుకుంటయి. నీ హాలోజన్‌ను గట్ల ఆర్పి వెలిగిస్తే నెలకే తీగ తెగుతది.”

“లారీలకు ముప్పై ఏండ్ల సంది అదే ఉన్నది. నమ్మకమైన లైటు.”

“లారీ లైటుకు ప్లాస్టిక్ మూత ఉన్నదా? దిగి చెయ్యి పెట్టు.”

మల్లేశ్వర్ దిగి ఎడమ రెక్క అంచునున్న పారదర్శకపు మూతను నొక్కాడు. వేడికి మెత్తబడి బొటనవేలి ముద్ర పడింది. మళ్లీ ఎక్కి, ఎల్‌ఈడీ వెలుగుతుండగానే రేడియో పెట్టాడు. తుమ్మెదల గుంపు దూరినట్టు రేడియో ఒకటే హోరు.

“దిగేటప్పుడు ఎయిర్‌పోర్టు టవరోళ్ల మాట ఇనబడకపోతే, లైటు ఎంత తెల్లగుంటే ఏంది?”

మంజుల మళ్లీ రెక్క కింద వంగింది. టార్చి పట్టుకుని రెక్క లోపలికి చూసింది. చాలాసేపటికి తల బయటికి తీసింది.

“యాంటెన్నా వైరు పక్కపొంటే లైటు వైరు పోయింది, గందుకే హోరు. నేనే ఏసిన. తప్పు నాదే.”

ఆ మాట ఆమె నోట విని ఎన్నాళ్లయిందో మల్లేశ్వర్‌కు గుర్తు రాలేదు. అతని గొంతు మెత్తబడింది.

“నా దానికి మూత కరిగింది. నీ లైట్లే పెడదాం. కానీ రెండు ఒక్క తీరుగ బిగించొద్దు. దిగేటప్పుడు ముక్కు లేస్తది. రెండూ ఆకాశం చూస్తయి. ఒకటి దూరం చూడాలె, ఒకటి నేల చూడాలె.”

“ఇది నాకు తట్టలే,” అంది మంజుల నిజాయితీగా.

పొద్దు గుంకుతోంది. హోరును ఆపే జాలీ తొడుగున్న వైరు కావాలని ఆమె లెక్క వేసింది. “రేపు...” అంటూ ఆగింది.

“రేపు పదకొండుకు...” అతనూ ఆగాడు.

“యాదికున్నది.”

గట్టు దిగి వచ్చిన లచ్చమ్మ అడిగింది. “రేపు సార్లు వస్తరా బిడ్డా, విమానం చూడ?”

మల్లేశ్వర్ దీపాలు ఆర్పాడు. మంజుల బస్సుకు బయల్దేరింది. ఆమె కాలేజీ బడంగ్‌పేట్ వైపు. అక్కడే గది తీసుకుని ఉంటోంది.

సోమవారం పొద్దున తొమ్మిదికి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని మల్లేశ్వర్ విమానం పెట్టిన షెడ్డు షట్టర్ దించుతుంటే ఆటో ఆగింది. గంజి పెట్టిన చీర కట్టుకుని మంజుల దిగింది. చేతిలో వైరు చుట్ట.

“నా రూంల దేవులాడితే దొరికింది.”

“టైమున్నదా?”

“జరసేపే పడుతది. షర్టు మార్చుకో, గ్రీజు అంటుతది.”

షట్టర్ మళ్లీ లేచింది. ఆమె పాత వైరు లాగేసి, కొత్తది రెక్కకు అవతలి అంచున నడిపించింది. అతను హాలోజన్ ఊడదీసి రెండో ఎల్‌ఈడీ బిగించాడు. ఎడమది దూరానికి తిప్పి, కుడిది నేలకు వంచాడు. పదిన్నరకు అతని ఫోన్ మోగింది. పేరు చూసి, బోర్లించి బల్ల మీద పెట్టాడు. కాసేపటికి ఆమెదీ మోగింది. ఆమె నొక్కి ఆపేసింది.

“వెయ్యి.”

రెండు దీపాలూ ఒక్కసారిగా వెలిగాయి. రేడియోలో హోరు లేదు. శంషాబాద్‌లో దిగబోతున్న ఏదో విమానం పైలట్ గొంతు పక్కన కూర్చుని మాట్లాడినంత తేటగా వినిపించింది. మంజుల పకపకా నవ్వి, మసి చేత్తోనే రెక్క మీద చరిచింది.

“మొదటిసారి పక్క సీట్ల ఎవరు కూసుంటరు?”

“నువ్వొస్తనంటే నువ్వే,” అన్నాడతను.

మంజుల గోడ గడియారం వైపు చూసింది. పదకొండు దాటి పది నిమిషాలు.

“ఇగ కాగితం తే. పటం గీద్దాం.”

సరిగ్గా అప్పుడే, విడాకుల కోర్టులో వాళ్లిద్దరి పేర్లూ మూడోసారి పిలిచారు.