సున్నం గీత

"పెళ్ళాలకు దూరంగా ఉండండి!"

మైకు అలాగే అరిచింది. మిరపకళ్ళాల పక్కన బీడులో చేరిన పాటిమీదపాలెం జనం ఘొల్లుమన్నారు.

"ఆ ముక్క మా పెళ్ళినాడు చెప్పాల్సింది మాస్టారూ!" వెనకనుంచి బుల్లయ్య కేకేశాడు. పక్కనే ఉన్న సుబ్బరావమ్మ మొగుడి డొక్కలో మోచేత్తో ఒక్కటి పొడిచింది.

సంజీవరావు మైకు నెత్తిన రెండు మొట్టాడు. "పెళ్ళాలు కాదయ్యా, ప్రొపెల్లర్! విమానం ముక్కుకి ఉందే, ఈ రెక్క. దీనికి దూరంగా ఉండమంటున్నా."

"రెంటికీ తేడా ఏందండీ?"

"ఎదురుగా నిలబడితే రెండూ కోస్తాయి. దీనికి నోరుండదు, అంతే."

మళ్ళీ నవ్వులు. సంజీవరావు మాత్రం నవ్వలేదు. ఇది ఇరవయ్యో ఊరు. మైకూ అదే, నవ్వూ అదే, జవాబూ అదే.

ఎనభై ఆరు ఫిబ్రవరి అది. గుంటూరులో గగన విహార సంఘమని ఒకటుంది. పల్లెటూళ్ళలో రేడియోతో నడిచే బొమ్మ విమానాన్ని చూపించడం అందులో సంజీవరావు ఉద్యోగం. పేరులో గగనం ఉంది. నెల తిరిగాక జీతమూ గగనమే. రిటైరవడానికి ఇంకా ఎనిమిది నెలలుంది. ఊరూరా ప్రెసిడెంటు చేత "ప్రదర్శన జరిగింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు" అని పుస్తకంలో సంతకం పెట్టించుకోవాలి. ఒక్క సంతకం తగ్గినా, ఒక్క వేలు తెగినా, పెన్షను మీద ఆశ వదులుకోవాల్సిందే.

పంతొమ్మిది ఊళ్ళలో పంతొమ్మిది సంతకాలు. ఒక్క గోరు కూడా చిట్లలేదు.

విమానాన్ని ఒంటిచేత్తో ఎత్తి బీడు మధ్యలో పెట్టాడు. డబ్బాలో సున్నం తెచ్చి, దాని చుట్టూ ముప్ఫై అడుగుల దూరంలో గీత గీశాడు. పుట్టింది క్రైస్తవుల ఇంట్లోనే అయినా, పంతొమ్మిది ఊళ్ళలో అతను చేసింది గీతోపదేశమే.

"ఇది తిరిగేటప్పుడు కనపడదు. కనపడదు కాబట్టే వేలు పెడతారు. పెట్టినవాడు మళ్ళీ పది లెక్కపెట్టలేడు. రెక్క విరిగి ఎగిరిందా, పక్కనున్నవాడి కంట్లో దిగుతుంది. తువ్వాళ్ళు, చీర చెంగులు దోపుకోండి. అందరూ గీత దాటి అవతలికి పోవాలి. అప్పుడే మొదలుపెడతా."

జనం విన్నారు. తలలూపారు. ఊపుతూ ఊపుతూ రెండడుగులు ముందుకొచ్చారు.

దూరంగా పొమ్మంటే మన జనానికి దగ్గరకి రమ్మన్నట్టే వినపడుతుంది. అందులో మైకు తప్పేం లేదు. ఇటు నెడితే అటు పొంగారు. అటు నెడితే ఇటు. గీత మీద కాళ్ళు పడ్డాయి, కాళ్ళకి సున్నం అంటింది, గీత కాస్తా చెరిగింది. సంజీవరావు మళ్ళీ గీశాడు.

"ఏందయ్యా మాస్టారూ, పొద్దు గూకేదాకా ముగ్గులేస్తానే ఉంటారా?" అన్నాడు ప్రెసిడెంటు యలమందయ్య.

"పొద్దు గూకితే ఎగరెయ్యకూడదండీ. రూలు."

"పక్కూళ్ళోనూ ఇట్టాగే చీకటి పడేదాకా గీతలు గీసి పోయారంటగా? అయ్యేం కుదరవు. ఇక్కడ ఎగిరితేనే సంతకం."

"జనం జరిగితేనే ఎగరడమండీ."

"అయితే జరపండి!"

సంజీవరావు మూడోసారి సున్నం డబ్బా ఎత్తాడు. గొంతు బొంగురుపోయింది. నడుం పట్టేసింది. తలెత్తి చూస్తే పొద్దు ఇంకా బారెడుంది.

అప్పుడొచ్చింది గురవమ్మ. ఆ ఊళ్ళో పసిబిడ్డకైనా పాడిగేదెకైనా దిష్టి తియ్యాలంటే ఆవిడే. మిరపకాయలు ఏరే పని ఆపి మరీ వచ్చింది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళు, కోసి కుంకం అద్దిన నిమ్మచెక్కలు.

"పక్కూళ్ళోనూ లెగవలేదంటే తప్పు ఇమానానిది కాదు నాయనా. ఇంతమంది కళ్ళు పడితే ఏది లెగుస్తది? నువ్వు పక్కకి తప్పుకో."

విమానానికి మూడు చుట్లు తిప్పింది. తర్వాత సున్నం గీత పట్టుకుని నడుస్తూ, ఎర్రనీళ్ళు ధారగా పోసుకుంటూ, నాలుగు బారలకొక నిమ్మచెక్క వేసుకుంటూ పోయింది.

జనం ఎగిరి వెనక్కి దూకారు. తీసిపోసిన దిష్టి తొక్కే మగాడు ఆ చుట్టుపక్కల పుట్టలేదు. బుల్లయ్య పెళ్ళాన్ని రెక్కపట్టి వెనక్కి లాగాడు. చర్చిలో పాటలు పాడే ఎలీసమ్మ "ఇయ్యన్నీ మాకు లేవమ్మా" అంటూనే అందరికంటే నాలుగడుగులు ఎక్కువ జరిగింది. యలమందయ్య పంచె ఎగ్గట్టి మరీ జరిగాడు.

రెండు నిమిషాల్లో గీత లోపల మిగిలింది ఇద్దరే: సంజీవరావూ, విమానమూ.

ఎవరూ తోసుకోవడం లేదు. ఎవరూ మాట్లాడటం లేదు. ఒక్క కాలివేలైనా గీత మీద లేదు. తువ్వాళ్ళు తలలకి చుట్టుకున్నారు, చెంగులు నడుముల్లో దోపుకున్నారు. ఇరవై ఊళ్ళుగా అతను అడుగుతున్నదల్లా చేశారు.

యలమందయ్య జేబులోంచి పెన్ను తీసి మూత విప్పాడు. "ఊఁ, కానియ్యండి మాస్టారూ."

"లేపు నాయనా," అంది గురవమ్మ. "సచ్చేలోపల ఒక్కసారి చూస్తా."

సంజీవరావు పొద్దు వంక చూశాడు. అది కదల్లేదు. గీత వంక చూశాడు. అదీ చెరగలేదు. విమానం పక్కన మెల్లగా చతికిలబడ్డాడు. చెమట తుడుచుకున్నాడు. మైకు పక్కన పెట్టేశాడు. ఆ నిశ్శబ్దంలో దానితో పనిలేకపోయింది. ఇరవై ఊళ్ళలో మొదటిసారి అతని మాట అక్షరం పొల్లుపోకుండా అందరికీ వినపడింది.

"దీనికి ఇంజను లేదమ్మా, పంపించమని రాసి రెండేళ్ళయింది."