బకెట్లో పట్టని బండ

"రేపు గా మిషన్ ఓడిపోవాలె జాఫర్ భాయ్. ఎట్ల ఓడగొడతవో నాకు తెల్వదు," అన్నాడు మేస్త్రీ పెద్దులు.

ఇద్దరూ సున్నపురాయి క్వారీ అడుగున నిలబడి ఉన్నారు. జాఫర్ మందు కూరి రాయి పేల్చే మనిషి. ఎక్కడెక్కడ బొక్కలు వేయాలో జాజు ముద్దతో బండ మీద ఎర్రగా గుర్తులు పెడుతున్నాడు. పేలిన రాయిని సమ్మెటలతో పగలగొట్టి, గంపలతో లారీలకెత్తేది పెద్దులు గుంపు. ఆత్మకూరు దిక్కు నుంచి వచ్చిన నలభై మంది. ఇప్పుడు సిమెంటు కంపెనీకి ఆ గంపల మీద మనసు విరిగింది. ఏ మిషన్ కొనాలో తేల్చుకోవడానికి హైదరాబాదు నుంచి ఒకదాన్ని కిరాయికి తెప్పించింది. పసుపు రంగుది, ముందు బకెట్ ఉన్నది. రేపు పొద్దున దానికి పరీక్ష.

"బొక్కలు దగ్గరదగ్గర ఏస్తె రాయి చిన్నగ పగుల్తది," అన్నాడు జాఫర్. "ఎడమెడం ఏస్తె ఇంతింత బండలొస్తయ్. గా బకెట్ల పట్టయ్. మీరు మాత్రం ఒక్క సమ్మెట దెబ్బ ఎయ్యొద్దు. పేలింది పేలినట్టె ఉండాలె."

"నీ నౌకరికి ఏం కాదు గద?"

"నా ఫికర్ నీకెందుకన్నా. ఇన్నొద్దుల సంది మీ చేతి రొట్టె తింటున్న. గీ పాటి చెయ్యనా?"

పెద్దులుకు గుండె నిండిపోయింది. గుడిసెకు పోయి భార్య బీరమ్మకు చెప్పాడు. ఆమె పిండి పిసుకుతూ ఆగింది.

"గిది ఓడిపోతె ఇంకోటి తెస్తరేమో?"

"చేతగాదని తేలినంక మల్ల ఎవడు పిలుస్తడే," అని కొట్టిపారేశాడు పెద్దులు.

అతని గుంపులో కట్టుబాటు అదే. కొత్తగా వచ్చినవాడు మొదటిరోజు బండ ఎత్తలేకపోతే సాయంత్రానికి బస్సెక్కిస్తారు. మళ్లీ ఆ ఇంటి మనిషిని పనికి పిలవరు. కంపెనీ కట్టుబాటు కూడా అదే అనుకున్నాడు మహానుభావుడు.

మర్నాడు పొద్దున ఇంజనీరు కాగితాల అట్ట చంకన పెట్టుకుని వచ్చాడు. పేలిన రాయిని చూసి మొహం చిట్లించాడు. ఒక్కో బండ ఈనిన బర్రె పడుకున్నంత ఉంది.

"మరీ పెద్దవాటిని నీ వాళ్లతో కాస్త పగలగొట్టించు పెద్దులూ. గంట ఆగి మొదలుపెడదాం."

"మా చెయ్యెందుకు సారూ? మిషన్ దమ్మెంతనో సూద్దాం," అన్నాడు పెద్దులు. వెనకాల గుంపంతా సమ్మెటలు నేల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

మిషన్ గుర్రుమంటూ వచ్చి మొదటి బండ కింద బకెట్ దూర్చింది. బండ జారింది. రెండోదాన్ని ఎత్తబోతే వెనక చక్రాలే గాల్లోకి లేచాయి. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. మూడోసారి బకెట్ పన్ను ఒకటి విరిగి పడింది. గంటన్నరకు ఒక్క లారీ నిండలేదు. ఇంజనీరు చెయ్యెత్తి ఆపమన్నాడు.

పెద్దులు పరుగున వెళ్లి జాఫర్‌ను కావలించుకున్నాడు. "నలభై ఇండ్లల్ల పొయ్యి ఆరకుంట చేసినవ్ భాయ్. నువ్వు నా తోడబుట్టినోనివి."

"ఆఫీసుల పనున్నదన్నా, మల్ల వస్త," అని జాఫర్ విడిపించుకుని వెళ్లిపోయాడు.

కాసేపటికి ఇంజనీరు పెద్దులును పిలిచాడు.

"మీవాళ్లకు చెప్పు పెద్దులూ, ఈ నెలాఖరు దాకే పని. తర్వాత ఊరికి వెళ్లిపోవచ్చు."

పెద్దులుకు ముందు నవ్వొచ్చింది. "గదేంది సారూ, ఓడిపోయింది మిషన్ గద?"

"చిన్న మిషన్ ఓడిపోయింది. దీనికి నాలుగింతల పెద్దది కొనాలని ఇప్పుడే రాశాను. లారీల బదులు ముప్పై అయిదు టన్నుల డంపర్లు వస్తాయి. కొత్త క్రషర్ ఎంత బండనైనా నములుతుంది. ఇక పగలగొట్టే పనే ఉండదు."

"మరి గిదే గెలిస్తె?"

"లారీలతోనే నడిపేవాళ్లం. బకెట్లో పట్టనివాటిని కొట్టడానికి నీవాళ్లు ఇరవై మందైనా ఉండేవాళ్లు. అది చూద్దామనే పొద్దున పగలగొట్టించమన్నాను, నువ్వే వద్దన్నావు."

పెద్దులుకు తను చేసిందేమిటో అప్పుడర్థమైంది. నోటిదాకా వచ్చిన కూడును తనే తన్నేసుకున్నాడు. నిజం చెప్పేస్తే పరీక్ష మళ్లీ పెడతారేమో. కానీ చెబితే జాఫర్ ఉద్యోగం ఊడుతుంది. తనను నమ్మి సాయం చేసినవాడిని ఎట్లా పట్టివ్వడం? గుంపు దిక్కు చూశాడు. బీరమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది. చివరికి తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"తప్పయింది సారూ. బండలు పెద్దగ రావాలని బొక్కలు ఎడమెడం ఏయించింది నేనే. జాఫర్ వద్దన్నడు, నేనే ఇనలే. ఆయన్ను ఏమనకుండ్రి. శిక్ష నాకెయ్యిండ్రి, పరీక్ష మాత్రం ఇంకొక్కసారి పెట్టుండ్రి."

ఇంజనీరు అతనివైపు వింతగా చూశాడు.

"నువ్వు వేయించడమేమిటయ్యా? బొక్కలు ఎడంగా వేసి చిన్న మిషన్ పనికిరాదని చూపిస్తానని నెల కిందటే నాతో చెప్పాడు జాఫర్, పెద్ద మిషన్ వస్తే దాని డ్రైవర్ ఉద్యోగం తనకే ఇస్తామని కాగితం కూడా రాయించుకున్నాడు."