ఉడుత వాదన

ఎలుగు తాత అడవిలో దొరికిందంతా రోజూ మోదుగాకుల్లో పెట్టి, వరస తప్పకుండా అందరికీ పంచేవాడు. ఎవరి ఆకులో ఏది వస్తే అదే తినాలి. ఇచ్చిపుచ్చుకుంటే తగాదాలొస్తాయని ఆయన భయం.

"ఎవరిష్టం వాళ్లది! మాకు స్వేచ్ఛ కావాలి!" అని ఉడుత గొంతు చించుకుంది.

తాత చిన్నబుచ్చుకున్నాడు. "మీకేం తక్కువ చేశానమ్మా?"

ఉడుత తోక విదిలించుకుని చెట్టెక్కేసింది.

మర్నాడు ఉడుతకు తేనె వచ్చింది. మీసాలన్నీ అంటుకుపోయాయి. తాతకేమో చింతగింజలు వచ్చాయి. అరిగిన పళ్లతో కొరకలేక వాటిని ఊరికే చప్పరిస్తున్నాడు. ఉడుత మెల్లగా పక్కన చేరి తన ఆకు ఆయన ముందుకు జరిపింది.

"తాతా, ఇది తీసుకుని అవి నాకిస్తావా? నీకిష్టమైతేనే."

తేనె నాకిన తాతకు కళ్లు చెమర్చాయి.

"ఈ మాట నిన్ననే చెప్పొచ్చుగా తల్లీ?"

"నిన్న నీ ఆకు వంక చూడలేదు తాతా. ఊరికే అరిచాను."