రోల్ నంబరు నలభై ఒకటి

ఫోను పడిపోకుండా అమ్మ కుట్టుమిషను పక్కన రెండు దారపు కండెలు అడ్డం పెట్టాను. అదే నా యూనివర్సిటీ.

కాలేజీకని కొన్న సంచి మేకుకు వేలాడుతోంది. దాని చీటీ కూడా ఇంకా తీయలేదు.

నెలపైగా రోజూ తొమ్మిదింటికల్లా అక్కడే క్లాసు. ఎవరి ముఖమూ కనబడదు. నెట్ సరిపోదని కెమెరాలు ఆపేయమన్నారు. పేర్లు పిలవరు, నంబర్లే.

"నలభై ఒకటి?"

"ప్రెజెంట్ మేడమ్."

నా మాటతో పాటు అమ్మ మిషను చప్పుడూ వెళ్తుంది. జాకెట్లు కుట్టించుకునేవాళ్లు రావడం మానేశాక అమ్మ మాస్కులు కుడుతోంది. అందరికీ రెండు పొరలు.

ఇవాళ మధ్యాహ్నం కాలేజీ ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. మీ హాజరు సున్నా.

నాలుగుసార్లు చదివాను. సున్నా సున్నాలాగే ఉంది.

ఆఫీసుకి ఫోన్ చేశాను.

"రోజూ క్లాసులోనే ఉన్నాను సార్."

"ఎవరి క్లాసులోనమ్మా?" అన్నాడు గుమాస్తా.

"ఫస్టియర్, మొదటి సెక్షన్. మేడమ్ చెప్తారు కదా."

"మొదటి సెక్షన్‌కి చెప్పేది సారు తల్లీ. మేడమ్ రెండో సెక్షన్‌కి."

నా బుర్ర తిరిగిపోయింది.

లింకు సేవ్ చేసి పెట్టింది బాబాయి. ఫోన్ల సంగతి తనకి తెలిసినట్టు ఎవరికీ తెలీదంటాడు. రెండు లింకులొస్తే కింద ఉన్నది నొక్కాడట. "రెండూ ఒక కాలేజీవే కదే" అన్నాడు, ఫోను చేత్తో మూసి అడిగితే.

అంటే నెలపైగా నేను పక్కవాళ్ల క్లాసులో కూర్చుని, పక్కవాళ్ల మేడమ్‌కి నమస్తే పెడుతున్నాను.

"మరి నలభై ఒకటి అన్నప్పుడల్లా నేనే పలికాను కదా సార్. అదంతా ఎటుపోయింది?"

కాగితాలు తిరగేసిన చప్పుడు.

"అక్కడా ఒక నలభై ఒకటి ఉందమ్మా. ఆ పిల్లకి పడింది. ముప్పైకి ముప్పై!" గుమాస్తా నవ్వాపుకోలేకపోయాడు. "పలికింది నేనేనని లెటర్ రాయి. నేను రాలేదని ఆ పిల్ల చేత కూడా కింద ఒక ముక్క రాయించు. ఆ ముప్పై రోజులూ నీకు మార్చేస్తా. నాలుగింటిలోపు పంపాలి."

"పంపకపోతే?"

"నూట ఇరవైకి తొంభై రోజులుండాలి. నీకు మిగిలినవి సరిగ్గా తొంభై. అందులో ఒక్కటి తగ్గినా మళ్లీ ఫస్టియరే."

ఆ అమ్మాయి ఫోన్ నంబరు కూడా ఆయనే ఇచ్చాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరో మహారాణి ముసుగుతన్ని పడుకుంటే నేను కళ్లు నులుముకుంటూ ఆమెకి హాజరు వేయించానా?

తెల్లకాగితం మీద లెటర్ రాసేశాను. కింద ఆమె రాయడానికి చోటు వదిలాను. ఆమెకి పంపడానికి ఫొటో కూడా తీశాక ఫోన్ చేశాను. అమ్మ మిషను ఆపి వింటోంది.

"హలో" అంది ఆ అమ్మాయి. మాట నీరసంగా ఉంది.

"మీ హాజరు గురించి మాట్లాడాలి. నేను కాలేజీ..."

"చూశానండీ, మొత్తం పడింది" అంది గబగబా. "అబద్ధం చెప్పను. నేను ఒక్క రోజు కూడా సరిగ్గా రాలేదు. నాన్న ఆసుపత్రిలో ఉన్నారు. నేనొక్కదాన్నే బయట కూర్చుంటున్నాను. ఇంకో రెండు వారాలంటున్నారు."

ఆమె వెనక ఎవరో కేకేశారు. "పదిహేడో మంచం తాలూకు ఎవరమ్మా?"

"మేము ఇరవై రెండు" అంది, నాతో.

నేను ఫోను చెవికి ఇంకాస్త ఆనించుకున్నాను.

"ఒక్కసారి మెట్ల మీద కూర్చుని క్లాసులోకి వచ్చాను. నా నంబరు పిలిచారు. నేను మైకు ఆన్ చేసేలోపే ఎవరో ప్రెజెంట్ అన్నారు. వెనక కుట్టుమిషను చప్పుడు. నాకక్కడ ఎవరూ తెలీదండీ. మా నాన్న సంగతి ఎవరికి తెలిసిందో, ఎలా తెలిసిందో. ఆ రోజు మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. నాకూ ఒక మనిషి ఉందిలే అనుకున్నాను."

మళ్లీ తనే అడిగింది. "ఆమె ఎవరో మీకు తెలుసా?"

అమ్మ మిషను మీద కాలు పెట్టబోయింది. తొక్కొద్దని చెయ్యి ఊపాను.

"తెలీదండీ" అన్నాను.

"మరి మీరెందుకు ఫోన్ చేశారు?"

లెటరు నా ముందే ఉంది. కింద వదిలిన చోటు ఖాళీగా ఉంది.

"నోట్సు కావాలేమోనని. ముప్పై రోజులదీ నా దగ్గర ఉంది."

"మీరు మా సెక్షనేనా?"

"అది నాకే సరిగ్గా తెలీదు" అన్నాను.

ఆమె నవ్వింది. నవ్వి చాలా రోజులైనట్టుంది, మధ్యలోనే ఆగిపోయింది.

ఫోన్ పెట్టేసరికి మూడున్నర. నాలుగు కావస్తున్నా అమ్మా నేనూ అలాగే కూర్చున్నాం.

"ఆ కాగితం పంపవా?" అంది అమ్మ చివరికి.

"పంపను."

"మరి నీ ఏడాది?"

"తొంభై రోజులూ మానకుండా వెళ్తే ఏమీ కాదు."

"మధ్యలో జ్వరమొస్తే?"

నాకు తెలీదు. చేసింది మంచిపనో తిక్కపనో కూడా తెలీదు. భయంగా మాత్రం ఉంది.

అమ్మ ఆ లెటరు తీసుకుని నిలువుగా మడిచింది. నా ముక్కు మీద నుంచి గడ్డం కిందికి ఆనించి, గోరుతో గుర్తు పెట్టుకుని, కత్తెర అందుకుంది.

"నీకు మూడు పొరలు వేస్తాను" అంది.