మధ్యాహ్నం ఒక్కరు చాలు

అమ్మకి మందు ఎక్కించే సీసా ఖాళీ అయింది. పక్కనున్న మిషన్ ఒకటే గోల. బెల్లు నొక్కుతూనే ఉన్నాను, ఒక్కరూ రారే!

"కళ్ళు తిరుగుతున్నాయే," అంది అమ్మ. ఆమె చెయ్యి మంచుముక్కలా ఉంది.

కంగారుగా వరండాలోకి పరిగెత్తాను. పద్దెనిమిది మంచాలకి ఒకే సిస్టర్. చివరి గదిలో ఎవరికో కట్టు కడుతోంది.

"వస్తున్నానండీ, నాకున్నవి రెండే చేతులు!" అని అరిచింది.

ఆమె వచ్చి సీసా మార్చేసరికి అమ్మ పెదాలు తెల్లగా పాలిపోయాయి. పావుగంటకి గానీ కళ్ళు తెరవలేదు.

"ఇంతమందికీ నువ్వొక్కదానివేనా తల్లీ?" అంది, మళ్ళీ చూడ్డానికొచ్చిన సిస్టర్‌తో నీరసంగా.

"పోయిన నెలదాకా ఇద్దరం, పెద్దమ్మా. మధ్యాహ్నం పూట ఒక్కరు చాలని ఆఫీసులో ఎవరో తెలివిగలవాళ్ళు రాసిచ్చారట. ఆ మిగులు చూపించి పెద్దసారు తన జీతం రెట్టింపు చేయించుకున్నాడు. మీ బిల్లు మాత్రం ఇంకా పెంచారు."

"ఆ రాసినవాళ్ళ చేతులు పడిపోను!" అంది అమ్మ.

సిస్టర్ నవ్వి, నాడి చూడ్డానికి అమ్మ చెయ్యి పట్టుకుంది. నేను గోడకున్న గడియారం వైపు చూస్తూ నిలబడ్డాను.

"మా అమ్మాయీ ఇక్కడి ఆఫీసులోనే," అంది అమ్మ గర్వంగా. "ఖర్చు తగ్గే ఉపాయమేదో చెప్పిందని పోయిన నెల పెద్దసారే స్వయంగా బహుమతి ఇచ్చారు. ఏమిటే ఆ ఉపాయం? చెప్పు సిస్టర్‌కి."

నేను వంగి అమ్మ దుప్పటి సర్దసాగాను.

సిస్టర్ నవ్వడం మానేసి నావైపు చూస్తోంది. అమ్మ చెయ్యి ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.