ఖాళీ తుపాకి

"ఏరా బావమరిదీ, తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కితే తుపాకి పాడవుతుందట, నిజమేనా?"

మా బావ తన జోడుగొట్టాల తుపాకిని పసిపిల్లని పడుకోబెట్టినట్టు నా రిపేరు బల్ల మీద పడుకోబెట్టాడు.

"ఎప్పుడో ఒకసారైతే ఏం కాదు బావా. ఇది పాతది, అదే పనిగా నొక్కితే లోపలి పిన్ను విరుగుతుంది. డమ్మీ తూటా పెట్టుకుంటే ఆ దెబ్బ అది కాస్తుంది. అయినా వేట మానేశావుగా, ఎందుకు నొక్కుతున్నావు?"

"ఊరికేరా, చెయ్యి ఊరుకోక."

బావతో పాటు వచ్చిన అక్క గుమ్మం దగ్గర కుర్చీలో వీధిలోకి చూస్తూ కూర్చుంది. నేను గొట్టాల్లో డమ్మీలు పెట్టి, గోడకేసి తిప్పి నొక్కాను.

టక్.

అక్క వెనక్కి తిరగలేదు. రెండు చేతులతో తల కప్పుకుని ముడుచుకుపోయింది.

"తప్పయిపోయిందండీ, ఇంకెప్పుడూ ఎదురు చెప్పను."

బావ మొహాన ఉమ్మెయ్యాలనిపించింది. ఆయన మాత్రం పిన్ను విరిగిందేమోనని నా చేతిలోని తుపాకి మీదికి వంగి చూస్తున్నాడు.

తుపాకిని లాక్కుని బీరువాలో పడేసి తాళం వేశాను.

"అక్క ఇక ఇక్కడే ఉంటుంది. నువ్వెళ్ళు."

బావ తెల్లబోయాడు.

"అదేంట్రా! మరి నా తుపాకి?"